ఖాళీ కాని ఖాళీ

బ్రెస్ట్ రేవులో ఆ సాయంత్రం వాన అడ్డంగా కురుస్తోంది.
పడవలు బాగుచేసే షెడ్డు పైగదిలో
ఐదుగురం, నాలుగు కుర్చీలు,
చల్లారిన కాఫీ, తెగని తగువు:
పాత బిల్డ్ ఫైలు ఉంచడమా, తీసెయ్యడమా.

మా ప్రోగ్రాము చేసేది చిన్న పని.
రేపు సముద్రం ఏ వేళకి ఎంత లేస్తుందో చెబుతుంది.
జీతం లేదు, జీతమిచ్చేవాడూ లేడు.
పాటు మీద గుల్లలేరేవాళ్ళకి
తమ ఫోన్ల అట్టడుగున మేమున్నామని తెలీదు.
తెలియాల్సిన పనీ లేదు.

రివానోన్ నిలబడే ఉంది, కుర్చీ దక్కనిది తనకే.
"పదకొండు నిమిషాలు" అంది.
"ఒక్క కామా మార్చి
పదకొండు నిమిషాలు గోడ చూస్తున్నాను.
కొత్తదాంట్లో నలభై సెకన్లు.
పోయినేడు ముగ్గురొచ్చారు, సాయం చేస్తామని.
గడపలోంచే వెనక్కి పోయారు.
మన కోడ్ నచ్చక కాదు,
దాన్ని బిల్డ్ చెయ్యడం చేతకాక."

తాంగీ బల్లమీద వేలితో కొట్టాడు.
"నీ కొత్తదానికి పైథాన్ కావాలి,
ఆ పైథాన్‌కి ఇంకోటి కావాలి,
దానికి మరో వెర్షన్ కావాలి..."
గోచీ కాపాడుకోబోయి పిల్లిని,
పిల్లి పాలకని ఆవుని తెచ్చుకున్న సన్న్యాసి
నా కళ్ళముందు కదిలాడు.
"పాతది మోటుదే. కానీ దీవి మీద
రేవు ఆఫీసులో ముసలి మెషీన్ ఉందే,
దాని మీద కూడా నోరెత్తకుండా నడుస్తుంది."

నేను ఇద్దరికీ తలూపాను.
ప్యాకేజీలు కట్టేవాణ్ణి,
ఎవరు గెలిచినా చాకిరీ నాదే.
తీర్మానం రాయడానికి ఎనోరా తెరిచిన పేజీలో
తేదీ ఒక్కటే ఉంది.

ఇక మిగిలింది కొరాంతాన్.
ఇరవై మూడేళ్ళ కిందట ఆ ఫైలు రాసినవాడు.
కళ్ళద్దాలు తుడుస్తున్నాడు, తుడిచినవే మళ్ళీ.
ఆయన వద్దంటాడని అందరికీ తెలుసు.
ఎలా వద్దంటాడో అని చూస్తున్నాం.

"నాలుగొందల పన్నెండో వరుస గోడ మీద వెయ్యి" అన్నాడు.
వేశాం.
"మొదట్లో ఉన్నది ట్యాబా, ఎనిమిది స్పేస్‌లా?"

ఎవరం మాట్లాడలేదు.
తెల్లగోడ మీద తెల్లటి ఖాళీ.
ట్యాబ్ అయితే నడుస్తుంది,
స్పేస్ అయితే మొత్తం ఆగుతుంది.
చూస్తే మాత్రం రెండూ ఒకటే.

"నాకూ కనబడదు.
ఇన్నాళ్ళూ నా వేలికి తెలిసేది.
ఈ చలికాలం వేలు రెండుసార్లు మరిచిపోయింది.
ఫిబ్రవరిలో విడుదల ఆగింది చూశారే, అది నేనే.
మూడు రాత్రులు వెతికాను.
చెప్పడానికి సిగ్గేసింది."
కాఫీ కప్పు ఎత్తబోయి, దించేశాడు.
"తీసెయ్యండి."

గెలిచిన మనిషి సంబరపడాలి కదా.
రివానోన్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని
ఆ ఫైలు పైనుంచి చదవడం మొదలెట్టింది,
ఇన్నేళ్ళకి మొదటిసారి.
ఒకచోట ఆగింది.
"'దీవి మెషీన్ కోసం. తీసేముందు సోలెన్‌ని అడగండి.'
ఎవరీ సోలెన్?"

"రిటైరైంది. ఆ మెషీన్ మీద ఇప్పుడు
పూలకుండీ ఉంది" అన్నాడు కొరాంతాన్.
తాంగీ కిటికీలోంచి వానని
చాలా శ్రద్ధగా చూశాడు.

తర్వాత ఆమె ఒక్కో వరుసా అడిగింది, ఇదెందుకని.
ఆయన కొన్నిటికి చెప్పాడు,
కొన్నిటికి తల గోక్కున్నాడు.
కింద నీళ్ళు రేవు మెట్లెక్కుతున్నాయి,
మేం చెప్పిన వేళకే.

చివర్లో ఒకటి దొరికింది:
"ఇది ముట్టుకోవద్దు. ఎందుకో నాకూ తెలీదు."
ఆయన చేతిరాతలాంటి వాక్యం,
ఆయనకే గుర్తులేదు.
దాన్ని ఉన్నదున్నట్టు
కొత్త ఫైల్లోకి మోసుకుపోయాం,
హెచ్చరికతో సహా.

అర్ధరాత్రి దాటాక బిల్డ్ నిలబడింది.
నలభై సెకన్లు కాదు, నలభై ఏడు.
ఆ ఏడు సెకన్ల గురించి
రివానోన్ ఎవరితోనూ వాదించలేదు.