విరిగిన టీ

పంచాయతీవారు పిలిచి
నేలపూడి రూతమ్మగారికి సన్మాన పత్రం రాయమన్నారు.
శాలువా వచ్చేసిందట,
అమలాపురంలో ఫ్రేము కట్టించారట,
మాటలే తక్కువట.

‘త్యాగమూర్తి’ అని రాసి కొట్టేశాను.
‘అలుపెరుగని’ అని మొదలెట్టి ఆగిపోయాను.
అలుపు నేను చూశాను గదా!
ఎదుర్లంక వంతెన మీద
బస్సు కిటికీకి తల ఆన్చి
నోరు తెరుచుకుని నిద్రపోయేది.

ఆవిడ అర్జీలన్నీ నా దస్తూరీయే.
అప్పుడు నాది తొమ్మిదో తరగతి.
పేటలో ఒత్తులు తప్పకుండా రాసేది నేనొక్కణ్ణేనని
ఎవరో చెప్పారట.
పీచు తాడు పేని పేని గరుకెక్కిన చేత్తో
వీపు తట్టి
"రాయి బాబూ, పొల్లు పోకుండా రాయి" అనేది.

వైనతేయ పాయ పక్కన వరిచేలు
ఒక్కొక్కటే రొయ్యల చెరువులయ్యాయి.
రాత్రంతా ఏరేటర్లు చీకటిని చిలికేవి.
మూడో ఏటికి మా బోరు ఉప్పెక్కింది.
పప్పు ఉడకదు,
సబ్బు నురగ కట్టదు,
పసివాళ్ళు గోక్కుంటూ నిద్రలేచేవారు.

"మీ మగాళ్ళకి కూలిచ్చేది మేమే గదా"
అన్నారు చెరువులవారు.
నిజమే.
ఆవిడ కొడుకు శామ్యూలు మేత చల్లేది అక్కడే.
మొదటి అర్జీ వెళ్ళిన వారానికి వాణ్ణి మాన్పించారు.
ఆ రాత్రి తల్లీకొడుకులు అనుకున్న మాటలు
పేటంతా విన్నాం.
వాడు యానాం వెళ్ళిపోయాడు.
రెండేళ్ళు గుమ్మం తొక్కలేదు.
ఇది పత్రంలో ఎక్కడ పెట్టను?

పదిహేడు సోమవారాలు కాకినాడ.
టోకెను, వరస, ‘పరిశీలించబడును’.
ఆ రసీదులన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి
చీమలు పట్టకుండా పసుపు చల్లింది.

పద్దెనిమిదో సోమవారం
సంచిలోంచి ఫ్లాస్కు తీసింది.
"ఇన్నాళ్ళూ విసిగించానండి.
మా ఇంటి టీ ఓ చుక్క పుచ్చుకోండి."
ఆయన మర్యాదస్తుడు, గ్లాసు అందుకున్నాడు.
తెల్లటి తుంపులు పైకి తేలాయి.
"పాలు విరిగాయేంటమ్మా?"
"పాలు మంచివేనండి, ఆయ్,
తెల్లారగట్ల పితికినవేనండి."

అంతే అంది.
ఫ్యాను గాలికి కాగితాలు రెపరెపలాడాయి.
ఆవిడ వెనక నిలబడ్డ నా చేతిలో
ఆ వారం అర్జీ
మడత విప్పకుండానే ఉండిపోయింది.

మర్నాడే పైపు వచ్చిందని రాస్తే కథ బాగుంటుంది.
ఇంకో నాలుగేళ్ళు పట్టింది.
ఆ నాలుగేళ్ళూ
డ్రమ్ము కట్టిన రిక్షా తొక్కుకుంటూ
ఊళ్ళోంచి తీపినీళ్ళు తెచ్చినవాడు కుంటి వీర్రాజు.
ఎవరిల్లు ముందో తగువు రాకుండా
గోడ మీద బొగ్గుతో గీతలు గీసింది పెయ్యల సువార్త.
మొన్న రూతమ్మగారు కబురంపింది:
వాళ్ళ పేర్లు లేకపోతే
కుర్చీలో కూచోదట.

సన్మానం రోజు మైకు మూడుసార్లు పిలిచింది.
కుర్చీ ఖాళీ.
నన్ను పరిగెత్తించారు.

మురుక్కోడు ఒడ్డున
చివరి కుళాయి దగ్గర గొంతుక్కూచుని ఉంది.
కారుతున్న కీలుకి
కొబ్బరిపీచు బిగించి చుడుతోంది.
ఇస్త్రీ చీర అంచు బురదలో ఉంది.

"పిలుస్తున్నారండి."
"వింటన్నాను.
కాయితం ఉందా నీ దగ్గర?"
సన్మాన పత్రం చిత్తుప్రతి ఒక్కటే ఉంది.
"వెనక ఖాళీయేగా, రాయి:
కోడు అవతల మూడిళ్ళకి
ఇంకా నీళ్ళెక్కట్లేదు.
తారీఖు వెయ్యి."

మోకాలి మీద కాగితం పెట్టుకున్నాను.
దూరంగా మైకు
ఆవిడ ఇంటిపేరు తప్పు చదువుతోంది.

ఒత్తులు చూసుకుని రాశాను.