వాసన: లేదు

బ్రాడీపేట నాలుగో లైను సూపర్‌బజారులో
చల్లటి అర ముందు నిలబడి
సీసాల్ని వెనక్కి తిప్పుతున్నాను.
ముందువైపు మంచు తడిసిన ఆకులు, టమాటాలు,
ఎవరి అమ్మమ్మో తెలీని నవ్వు.
వెనకవైపు చీమకాళ్ళంత అక్షరాలు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
సీసాని ముక్కుకి ఆనించి చదువుతుంటే
"ఎక్స్‌పైరీ చూస్తున్నారా మేడమ్?" అంటాడు కుర్రాడు.
కాదు బాబూ,
పాత స్నేహితురాలిని వెతుకుతున్నా.

దొరికింది.
మయోనైజ్‌లో రెండో మాట.
సలాడ్ మీద పోసుకునేదాంట్లో మొదటి మాట.
ఆఖరికి అల్లం పచ్చట్లో కూడా
అల్లం కంటే ముందు కూర్చుంది:
శుద్ధి చేసిన పత్తిగింజల నూనె.

ఏమే, ఇక్కడా నువ్వేనా?

ఏటుకూరు రోడ్డు మిల్లులో ఇరవై ఆరేళ్ళు
నీతోనే నా బతుకు.
ఎక్స్‌పెల్లర్ కిందికి దిగేటప్పుడు
నల్లగా, తారులా ఉండేదానివి.
తడిసిన గోనె వాసన,
రేగడి మీద తొలకరి పడి ఎండిన వాసన.
సోడాతో కడిగాం.
మట్టి కలిపి రంగు లాగేశాం.
ఆవిరి పట్టీ పట్టీ
నీ ఊరేదో నీకే గుర్తు లేకుండా చేశాం.
టింటోమీటర్ కంట్లోంచి నిన్ను చూసి
రోజూ రిజిస్టర్లో రాసేదాన్ని:
రంగు: లేత పసుపు.
వాసన: లేదు.
కింద సంతకం, కె. సువార్త, బీయస్సీ.

మా పైపోర్షన్ శ్రీచరణ్
పొద్దున్నే డంబెల్స్ కింద పెట్టి మెట్లు దిగొచ్చి చెబుతాడు:
"గింజ నూనెలు విషం ఆంటీ."
విషమైతే నేనెప్పుడో పోవాలి కదరా,
గరిటెలు గరిటెలు రుచి చూసినదాన్ని!
"మరి నువ్వులు గింజలు కావా?" అన్నాను.
కాసేపు గోడకేసి చూసి
"అది... గానుగ కదాంటీ" అన్నాడు.

మంచో చెడో డాక్టర్లు తేల్చుకుంటారు.
గింజ మీద నాకు పగ లేదు.
నేను కట్టుకున్న మంగళగిరి చీర
దాని తోబుట్టువే.
కానీ వాసన తుడిచిన చెయ్యి నాది.
ఆ చెయ్యి ఇంక వాసనున్నదాన్నే పట్టుకోవాలనుకుంటోంది,
అంతే.

సీసాని అరలో పెట్టేశాను,
వీపు జనం వైపుకి తిప్పి.

పట్నం బజారులో మస్తాన్‌బీ తోపుడుబండి.
ఫిబ్రవరి ఎండలో పండుమిరపకాయలు,
చూస్తేనే కళ్ళు చెమర్చే ఎరుపు.
"రెండు కిలోలా? ఒక్కదానివే కదమ్మా!"
ఒక్కదాన్నే. అయితే?
తొడిమలు తుంచి, తడి లేకుండా తుడిచి,
ఉప్పూ చింతపండూ వేసి దంచి
జాడీకి వాసెన కట్టాను.
మూడో నాడు మెంతిపిండితో మళ్ళీ దంచాను.
నూనె చుక్క పడలేదు.
తినేటప్పుడు నెయ్యి ఉంటే చాలు.

ఇక కీరాముక్కల మీదికి
ఆ తెల్లటి సీసా ఎందుకు?
చిలికిన పెరుగు, పచ్చి ఆవపిండి, చిటికెడు పసుపు.
ముక్కులోంచి ఎక్కి నడినెత్తిన కూర్చుంటుంది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

ఆ రాత్రి చేతులు నిప్పులయ్యాయి.
మజ్జిగ గిన్నెలో వేళ్ళు ముంచి
ఫ్యాను కింద కూర్చున్నాను.
ఇరవై ఆరేళ్ళలో ఒక్క రోజైనా
ఇంటికొచ్చాక ఈ చేతులు
పొద్దంతా ఏం పట్టుకున్నాయో చెప్పలేదు.

పొద్దున శ్రీచరణ్‌కి చిన్న సీసా ఇచ్చాను.
తిప్పి వెనక చూశాడు, పిచ్చివాడు.
ఏముంటుంది, గాజు తప్ప.
మూత తీశాడు.
వరసగా మూడు తుమ్ములు.

రిజిస్టరు ఉంటే
రాసి సంతకం పెట్టేదాన్ని.