తొంభై తొమ్మిది శాతం

పొద్దుగాల కంప్యూటర్ తెరవంగనే ఎర్ర గీత.
డబ్బా నిండిందట.
ఇగ ఒక్క మెయిల్ కూడ పట్టదట.

నాచారంల రేకుల షెడ్డు మీద మా ఆఫీసు.
ఊరందరి లిఫ్టులు బాగుచేస్తం,
మాకు మాత్రం ఇనుప మెట్లు.
ఎవరు ఏ అంతస్తుల ఇరుక్కున్నా
ముందుగాల నాకే తెలుస్తది.

"పైసలు పెట్టి జాగ కొనేది లేదు,
ఉన్నదే ఊడువు" అన్నడు యాదగిరి సారు.
పదకొండేండ్ల మెయిళ్లు.
చీపురు ఏ మూల నుంచి పట్టాలె?

బరువును బట్టి పేర్చిన.
లావువి పైకొచ్చినయి:
గ్రీజు కంపెనీ క్యాటలాగులు,
తంగేడు పూల బొమ్మతోని బతుకమ్మ శుభాకాంక్షలు,
ఫైనల్, ఫైనల్ టూ, అసలు ఫైనల్ అని
ఒక్కటే టెండరు ఏడు సార్లు.
తీసి పడేసుకుంట పోయిన.
చిక్కుడుకాయ ఈనె తీసినట్టు
చేతికి హాయిగుండె.

పగటీలికి నాలుగు వేలు పోయినయి.
గీత కదలలె.

పక్క టేబుల్ కాడ ఇర్ఫాన్ నవ్విండు:
"అక్కా, నువ్వు తీసేసినయన్ని బుట్టల పడ్డయి.
బుట్ట గూడ ఇంట్లనే ఉన్నది కదా!
ముప్పై దినాలు గట్లనే కూసుంటయి,
లేకుంటె నువ్వే ఇంకోపారి తియ్యాలె."

దేన్నయినా రెండుసార్లు తీసెయ్యాలన్నమాట.
ఇన్నేండ్లల్ల ఎవరు చెప్పలె.

బుట్ట గుమ్మరించే ముందు, ఎందుకో,
'అయిపోయినవి' అనే ఫోల్డర్ తెరిచిన.
ఎన్నడో నేనే ఒక రూలు రాసి పెట్టిన:
'బాగున్నది' అనే మాట ఉన్న మెయిల్
నా కండ్ల పడకుంట సీదా అండ్లకే పోవాలె.
పని తక్కువైతదని.

రెండొందల పన్నెండు. ఒక్కటి చదవలె.
అందుల అయిదు
మల్లేపల్లి నూర్ మంజిల్, మూడో అంతస్తు,
జహీరా బేగం రాసినయి.

నాకు ఎరుకే ఆమె.
తెలుగు మీడియంల ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిందట.
మోకాళ్ల నొప్పులు.
"మహాశయా, మీ లిఫ్టు నిన్న పదిహేడు నిమిషములు ఆగినది.
అందులో నేను ఉంటిని."
"మహాశయా, రెండు నొక్కిన నాలుగుకు పోవుచున్నది.
సంఖ్యలన్న దానికి గౌరవము లేదు."
"మీ ఐలయ్య వచ్చి నూనె పూసి, చాయ్ వద్దని పోయినాడు.
మనిషి మంచివాడు. లిఫ్టు కాదు."

అన్నిటికి నా జవాబు ఒక్కటే, మిషన్ పంపేది.

ఇగ ఇది, నేను చూడనిది:
"మహాశయా, లిఫ్టు బాగున్నది. ఫిర్యాదు లేదు.
ఫిర్యాదు ఉన్ననే వ్రాయవలెనా అని ఆలోచించి వ్రాయుచున్నాను.
ఇవాళ ఎవరితోను మాటలాడలేదు.
మీ జవాబులో 'నామోదు' అని ఉన్నది.
'నమోదు' అని ఉండవలెను."

చూసిన. అవును.
పదకొండేండ్ల సంది పట్నమంత అదే తప్పు పంచుతున్న.

ఆ మెయిల్ బరువు నాలుగు కేబీ.
ఒక్క గ్రీజు క్యాటలాగు తీసేస్తె
ఇసొంటివి అయిదు వేలు పడతయి.
ఆమె చేయించే లెక్కనే.

బుట్ట గుమ్మరించిన.
"శాశ్వతంగా తొలగించాలా?" అని అడిగింది మిషన్,
పెండ్లిల పంతులు అడిగినంత గంభీరంగ.
ఊ అన్న.
గీత అరవై ఒకటికి దిగింది, పచ్చవడ్డది.
సారు ఖుషీ.

'నామోదు' దిద్దిన. రూలు తీసేసిన.
నూర్ మంజిల్ కాంట్రాక్టు నిరుడే వేరే కంపెనీకి పోయింది,
ఆ లిఫ్టుతోని మాకిప్పుడు సంబంధం లేదు.
అయినా రాసిన:
"మేడం, లిఫ్టు ఎట్లున్నది?"

నిమిషం కాలె, వాపసు వచ్చింది.
"మీ సందేశం చేరలేదు.
అవతలి డబ్బా నిండి ఉన్నది."

చానసేపు తెరను చూసుకుంట కూసున్న.
కింద ఎవడో రేకు కోస్తున్నడు.

"ఇర్ఫాన్,
మల్లేపల్లికి ఈడికెల్లి ఏ బస్సు పోతది?"