హెల్మెట్ గీత

షార్జాలో, రోలా వెనక సందులో
మా స్టూడియోకి కిటికీ లేదు.
బయట ఎండ ఊరంతా ఉచితం.
లోపల మేం వెలుగుని
పన్నెండు దిర్హాములకి నాలుగు కాపీల లెక్కన అమ్ముతాం.

వీసా ఫోటోకి నీడ పనికిరాదు.
ముక్కు పక్కన, గడ్డం కింద,
వెనక తెల్లగుడ్డ మీద భుజానిది,
ఏ ఒక్కటున్నా కంప్యూటరు తిప్పికొడుతుంది.
అందుకే అటొక లైటు, ఇటొక లైటు,
ఒళ్లో థర్మోకోల్ అట్ట.
మనిషిని అప్పడంలా పరిచేస్తాం.

హంజా ఇక్కది పాతకాలం చెయ్యి.
గిరాకీ లేని మధ్యాహ్నాలు
ఒక లైటు ఆర్పి నన్ను స్టూలు మీద కూచోబెట్టి
"చూడు, ఇప్పుడొచ్చింది నీకు ముక్కు" అంటాడు.
"రెండు లైట్లుంటే అందరూ అన్నదమ్ములే.
ఒకటి తీసెయ్, దొరుకుతాడు మనిషి."

జూలైలో ఒక గురువారం రాత్రి
లింబాద్రి వచ్చాడు. భీంగల్ దగ్గరి పల్లె,
సజ్జాలో పరంజా కట్టే పని.
తలకి నూనె రాసుకుని, ఎవరిదో చొక్కా తొడుక్కుని.
క్లిక్.
ముఖం మీద నీడ ఉంది, అంది కంప్యూటరు.
ఎడమ లైటు జరిపాను. నీడ ఉంది.
స్టాండు దించాను, అట్ట మార్చాను,
మూడో లైటు మోసుకొచ్చి నడినెత్తికి ఎత్తాను.
నీడ ఉంది.

స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే
కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన
సుద్దతాడు కొట్టినట్టు గీత.
పైన గోధుమపిండి, కింద కాలిన పెనం.
లింబాద్రి వంగి చూసి నవ్వాడు.
"గది నీడ గాదన్నా.
మీదున్నది మా ఊరి రంగు.
కిందున్నది కంపెనీది."

ఇక్క లోపల్నించి రేకు డబ్బా తెచ్చి
ఒక పాత నెగెటివ్‌ని ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టాడు.
ఎవరో పెళ్లికొడుకు:
తెల్లచొక్కా నల్లగా, మీసం పాలలా.
"ఫిల్ము అంతే. వెలుగు తగిలినచోట నలుపు."
పదకొండేళ్లుగా బటన్ నొక్కుతున్నాను,
ఈ ముక్క ఇప్పుడు చేతికి తగిలింది.

పొద్దున అయిదింటికి తెరుచుకుని
పన్నెండున్నరకి మూసుకుని
మూడింటికి మళ్లీ తెరుచుకునే షట్టర్.
ఆరేళ్ల ఎక్స్‌పోజర్.
ఎవరూ కడిగి చూడని ఫిల్ము
నా స్టూలు మీద కూచుని
కాలరు సర్దుకుంటోంది.

గీత చెరపడం రెండు నిమిషాల పని.
కానీ ఏ రంగుతో?
పైది కిందికి లాగనా, కిందిది పైకి పూయనా?
అతన్నే అడిగాను.
కాసేపు గోరు కొరికి,
"వీసాకైతే కంపెనీదే పెట్టు" అన్నాడు.

తర్వాత, లేవబోతూ,
"ఇంకోటి ఉత్తగ తియ్యరాదు."

లైట్లన్నీ ఆర్పేసి తలుపు వారగా తీశాను.
కరక్ చాయ్ దుకాణం బోర్డు
పచ్చగా వచ్చి ఒక చెంపని అంటుకుంది,
ఒక చెవిని, దవడ ఎముకని.
మిగతాదంతా చీకటి తీసుకుంది.
గీత అందులోనే ఎక్కడో ఉండాలి.

"గిదెంత?" అని అడిగాడు.
ఇక్క లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా,
"చీకటికి ఇంకా రేటు పెట్టలేదు."

లింబాద్రి వినలేదు.
తడి ఆరని కాగితాన్ని అంచుల్తో పట్టుకుని
గుమ్మంలోనే నిలబడిపోయాడు.
"చెవు," అన్నాడు,
"చెవు మా నాయినదే."