పదిహేడు దాకా

మూడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు వరహాలు.
మూడూ అరచేతంత, మూడూ వెండి రంగు.
"ఇందులో ఏది నమ్మొచ్చప్పా?" అన్నాడు.
చేపల పెట్టె వాసన ఇంకా వాడి చొక్కాలోనే ఉంది.

హార్బరు నుంచి హనుమంతవాక ఎత్తు మీదుగా
ఆరిలోవ దాకా వాడి బేరం.
తెల్లారుజామున ముప్పై కిలోల కానాగంతలు, ఐసు
వెనక టైరు మీద కూర్చుంటాయి.
పాత కంట్రోలరు మొన్న ఎత్తు సగంలో పొగ కక్కింది.
మిగతా సగం బండి తోసుకుంటూ ఎక్కాడు,
వెనక ఐసు నీళ్లు గీతలా కారుతుంటే.

నేను ముందు తూకం చూస్తాను.
ఎడమ చేతిలో ఒకటి, కుడి చేతిలో ఒకటి,
పూర్ణా మార్కెట్లో మా మేనత్త బెల్లం దిమ్మ ఎంచినట్టు.
మొదటిది మరీ తేలిక.
రాగి ఉండాల్సిన చోట గాలి ఉంది.
దాన్ని విప్పను కూడా విప్పలేదు.

రెండోదానికి మెరిసే స్టిక్కరు: నలభై ఆంపియర్లు.
గోరుతో అంచు లేపాను.
కింద ఇంకో స్టిక్కరు: పాతిక.
వరహాలు నవ్వలేదు.
మొప్పలకి ఎర్రరంగు పూసిన చేపని
వాడు చాలాసార్లు చూసినవాడు.

నాలుగు స్క్రూల్లో రెండు ఊరికే తిరుగుతున్నాయి.
లోపల ఆరు నల్ల బిళ్లలు వరసగా,
వాటి మీది అంకెల్ని ఎవరో గరుకు కాగితంతో గీకేశారు.
పేరు దాచుకున్నవాడికి పని రాదని అనలేను.
ఎందుకు దాచుకున్నాడో మాత్రం
చీకట్లో, ఎత్తు మీద, బరువుతో తెలియకూడదు.
వేడి లాగాల్సిన తెల్ల ముద్ద ఓ మూల చుక్క ఉంది,
దిష్టికి పెట్టినట్టు.
బ్యాటరీ నిండితే అరవై ఏడు వోల్టులు,
కెపాసిటరు మీద రాసింది అరవై మూడు.
ఆ లెక్క నాలుగో తరగతి పిల్లకొచ్చు.

"మరి దీనిదేటి?" మూడోదాన్ని ముందుకి తోశాడు.
స్టిక్కరే లేదు. మూత నిండా గీతలు.
లోపల రాగి దారుల మీద సీసం దళసరిగా పోశారు,
పూడిక తీసి గట్టున పడేసిన కాలవ మట్టిలా,
అందం చందం లేకుండా.
తీగలు బయటికొచ్చే కన్నం దగ్గర రబ్బరు ముద్ద.
ఈ ఊళ్లో ఉప్పుగాలి తలుపు తట్టదు,
రెండు వానాకాలాల్లో ఇత్తడిని పచ్చగా తినేస్తుంది.
ఆ ముద్ద పెట్టినవాడికి సముద్రం తెలిసుండాలి,
లేదా ఎవరో తిట్టి చెప్పుండాలి.

బాగున్నప్పుడు అన్నీ మంచివే.
చెడితే ఎటు చెడుతుందన్నదే నా బెంగ.
చక్రం గాల్లోకి లేపి, తిరుగుతుండగా
థ్రాటిల్ నల్లతీగ పీకేశాను.
రెండోది ఆగలేదు. ఇంకా జోరందుకుంది,
ఊచలు కనబడనంతగా.
మూడోది ఉసూరుమని ఆగింది.

వరహాలికి చెప్పని సంగతొకటి:
నాలుగేళ్ల కింద ఈ పరీక్ష నాకు తెలీదు.
కంచరపాలెం మెట్టు దగ్గర
దాలమ్మ బండి ఆగమంటే ఆగలేదు.
ఇప్పటికీ ఆవిడ కుడిచెయ్యి జడ దాకా లేవదు,
కూతురు దువ్వుతుంది.
ఆ డబ్బా నేనే అమ్మాను.
"గట్టిది" అని ఈ నోటితోనే అన్నాను.

మూడోదే బిగించాను.
పదకొండొందలకి ఆరొందలిచ్చి, మిగతాది రాసుకోమన్నాడు.
చవకని నేనేమీ అనను,
మా ఇంట్లో ఉడికేదీ చవక బియ్యమే.

మర్నాడు సరుకుతో ఎత్తెక్కి నేరుగా రమ్మన్నాను.
ఏడింటికి వచ్చాడు.
దిగకముందే మూత మీద అరచెయ్యి ఆనించాను.
ఇరవై లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే మంచిది,
అది మా షాపు కొలత.
వాడు నా పెదాలే చూస్తున్నాడు.
పన్నెండు. పదమూడు.
పెట్టెలోంచి ఒక్కో చుక్కా రోడ్డు మీద పడుతోంది.
పదిహేడు దగ్గర చెయ్యి దానంతటదే లేచిపోయింది.

వాడి కళ్లు అప్పటికే ఇరవై అనేసుకున్నాయి.

"పదిహేడు" అన్నాను.
"ఎత్తు సగంలో ఓపాలి దిగు. టీ తాగి ఎక్కు."