ముందు బిగించాలి

ఆటోనగర్ మూడో రోడ్డులో, షెడ్డు ముందు
పొద్దున్నే లాక్కొచ్చి వదిలారు లారీని.
మిర్చి యార్డుకి తిరిగే బండి.
బుడమేరు నీళ్ళలో తొమ్మిది రోజులు
మెడదాకా మునిగి నిలబడింది.
ఛాసిస్ సందుల్లో ఇంకా ఒండ్రు,
ఆ ఒండ్రులో ఎండిన నత్తగుల్ల ఒకటి.

ఎడమ వెనక కమాన్ కట్ట. యూ బోల్టుల నట్లు నాలుగు.
మూడు మాట విన్నాయి.

నాలుగోదానికి కిరసనాయిలు పోశాను.
టీ తాగొచ్చి మళ్ళీ పోశాను.
సుత్తితో నెత్తిమీద కాదు, చెంపలమీద,
నిద్రపోయేవాణ్ణి కాదు
నిద్ర నటించేవాణ్ణి లేపుతున్నట్టు.

"పైపేసి తొక్కేద్దాం గురూ" అన్నాడు సుభానీ.
వాడికి పందొమ్మిదేళ్ళు.
ఆ వయసులో లోకంలోని ప్రతి బోల్టూ
ఒక్క తన్నుకి ఊడాలి.

"ముందు కాస్త బిగించు" అన్నాను.
విప్పడానికొచ్చి బిగించడమేంటని నవ్వాడు.
వెంట్రుకవాసి బిగిస్తే చాలురా,
తుప్పు పట్టు తప్పుతుంది.
మనం ఎటు పోతున్నామో దానికేం తెలుసు.

అయినా కదల్లేదు.

గ్యాస్ వెలిగించాను.
నట్టు నల్లబడి, కాసేపటికి
దొండపండు రంగుకొచ్చింది.
వరద కూడా కడగలేని మిరప కోరు
ఎక్కణ్ణించో వేడికి లేచి
ఇద్దరికీ ఒకటే దగ్గు.
దగ్గుతూనే కొవ్వొత్తి ముక్క ఆనించాను,
మైనం సర్రున మరల్లోకి దిగింది.

కిర్రుమంది.
ఆ ఒక్క మాటకి రెండు గంటలు.

నట్టు ఇసకలో పడ్డాక
దాని కింది వాషరు చూశాను.
పాత కమాన్ పట్టీ ముక్కకి బెజ్జం కోసి
గుండ్రం కుదరక ఆరు పలకలు తేలిన వాషరు.
నాదే.

పదకొండేళ్ళ కిందట
లాజరు మేస్త్రి నా వారం కూలీలో
నలభై రూపాయలు కోసిన శనివారం
పైపు తొడిగి, దానిమీదెక్కి,
ఒళ్ళంతా వేసి తొక్కాను ఈ నట్టుని.
ఆయన చూశాడు.
బీడీ ముట్టించుకుంటూ
"ఎప్పుడో ఒకడు విప్పాలి కదరా దీన్ని" అన్నాడు.

ఆయన పోయి ఆరేళ్ళు.

సుభానీ కొత్త నట్టు పట్టుకొచ్చాడు.
మరలకి వేలితో గ్రీజు రాశాను.
"ఎంత బిగించాలి గురూ?"
"చెయ్యే చెప్తుంది" అన్నాను,
నా చెయ్యి ఆ రోజు ఏం చెప్పిందో చెప్పలేదు.

పైపు మాత్రం వాడి దగ్గర్నించి తీసుకుని
కింద వేసుకుని కూర్చున్నాను.