ఒక టీ తక్కువ

గ్రిమ్స్‌బీ టౌన్‌హాల్లో
ఆ ప్రశంసాపత్రం టైపు చేసింది నేనే.
"విధి నిర్వహణలో ఆదర్శప్రాయం" అని
పైనుంచి వచ్చిన నాలుగు ముక్కలు,
కింద కానిస్టేబుల్ మోరీన్ టాటర్సాల్ పేరు.

ఆర్థర్ స్టబ్స్ సంగతి అందులో లేదు.
ఎనభై ఆరేళ్ళాయన,
పైజమా మీద కోటు తొడుక్కుని
రాత్రి రెండింటికి రేవుకు బయల్దేరతాడు
పడవ వచ్చే వేళైందని.
ఆ పడవ తుక్కుకింద పోయి నలభై ఏళ్ళు.

ఆమె ఆ మాట అనదు.
కారు దిగి, టార్చి ఆర్పి,
ఆయన అడుగుకు తన బూట్లను తగ్గించుకుని
ఉప్పుగాలిలో గట్టుదాకా నడుస్తుంది.
ఇద్దరూ కాసేపు చీకటిని చూస్తారు.
"ఇవాళ ఆలస్యంలా ఉంది ఆర్థర్,
టీ తాగొద్దాం పద."

రిపోర్టులో ఒకటే గీత:
రెండూ నలభై. ఇంటికి చేర్చాను.

ఇవాళ మేయరు పత్రం అందిస్తుంటే
మూడో వరసలోంచి లేచాడాయన.
"పడవొచ్చిందా, అమ్మాయ్?"
చప్పట్లు గతుక్కుమన్నాయి.
ఎవరో నవ్వబోయి దగ్గారు.

దారిలో ఉన్న నా చేతిలో పత్రం పెట్టేసి
ఆమె గబగబా మెట్లు దిగింది.

అప్పుడు చూశాను.
ఆమె పేరులో ఒక 'టీ' కొట్టడం
మరిచిపోయాను.